పదిహేనో ఓటమి

1996 అక్టోబరులో ఒక రోజు జ్వరం వచ్చి ఆఫీసుకు సెలవు పెట్టాను. టోక్యోలోని నెరిమా వార్డులో, ఒక చిన్న లాండ్రీ మీద ఆరు చాపల గది నాది. అక్కడ గది కొలత చాపల్లోనే చెబుతారు. ఆరు తతామీ చాపలు పరిస్తే నిండిపోయే గది అన్నమాట. ఉదయం సరిగ్గా ఎనిమిది కాగానే సందు చివర మైకు మోగింది. తీయటి ఆడగొంతు ఒక మనిషి పేరు చెప్పి, నమస్కారం పెట్టి, మళ్ళీ అదే పేరు చెప్పి, మళ్ళీ నమస్కారం పెడుతూ మా కిటికీ కిందుగా వెళ్ళిపోయింది. పావుగంటకు ఇంకో బండి, ఇంకో గొంతు, ఇంకో పేరు. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో పెరిగినవాడికి ఎన్నికలొచ్చాయని తెలియడానికి భాష రానక్కరలేదు.

మూడో బండికో నాలుగో బండికో కింద లాండ్రీ తలుపు దడాలున తెరుచుకుంది. దుప్పటి కప్పుకునే కిటికీలోంచి తొంగి చూశాను. మా ఇంటి ఓనరు, ఇస్త్రీ చేస్తున్న చొక్కా ఇంకా భుజాన వేలాడుతుండగానే, రోడ్డు మీదికి పరుగెత్తి రెండు పిడికిళ్ళూ పైకెత్తి నిలబడ్డాడు. బండిలోంచి తెల్ల చేతితొడుగులు ఊగాయి. గుమ్మంలో నిలబడిన ఆయన భార్య ఏదో చీవాటు పెట్టింది. నేను చేరిన ఆరు నెలల్లో ఆ మనిషి పళ్ళు కనిపించేలా నవ్వగా చూడలేదు. జ్వరం తలకెక్కిందేమో అనుకున్నాను.

సాయంత్రం ఒకుసాన్, అంటే ఇంటావిడ, మన గంజన్నం లాంటి ఒకాయు గిన్నె, అందులో ఉప్పులో ఊరిన ఉమెబొషి కాయ ఒకటి తెచ్చి పెట్టింది. పొద్దుటి సంగతి అడిగాను.

"అది గట్స్ ఇషిమత్సు బండి. బాక్సర్ లెండి. ఇప్పుడు పార్లమెంటుకు నిలబడ్డాడు. మా ఆయన ఓటు మాత్రం వేయనంటాడు. బండి వస్తే అరవడానికి మాత్రం పరుగెడతాడు."

ఆవిడ చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. విషయం మాత్రం అర్థం కాలేదు.

ఎందుకంటే నేను టోక్యో విమానం ఎక్కింది ఆ ఏడాది ఏప్రిల్‌లో. అంతకు మూడు నెలల ముందే, జనవరి 18న, ఎన్టీఆర్ పోయారు. మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. 1983 ఎన్నికల్లో ఆయన తిరుపతితోపాటు మా గుడివాడలోనూ నిలబడ్డారు. నాకు అప్పుడు పన్నెండు దాటాయి. చైతన్యరథం వస్తుందని సాయంత్రం నుంచి నాన్న భుజాల మీద, తరవాత రోడ్డు పక్కన గడ్డివాము మీద, తరవాత నిద్రలో, అర్ధరాత్రి దాకా ఎదురుచూశాను. బండి వెళ్ళిపోయాక నాన్న నన్ను లేపి, "చూశావురా" అన్నారు. నేను చూసింది రెండు ఎర్ర లైట్లు. మా అమ్మకు చదువు రాదు. సైకిలు బొమ్మ మీద ముద్ర గుద్ది వచ్చి, దేవుడికి కొబ్బరికాయ కొట్టినంత తృప్తిగా పడుకుంది. తెర మీద ఇష్టపడ్డ మనిషికి ఓటు వేయడంలో మా ఇంట్లో ఎవరికీ రెండో ఆలోచన ఉండేది కాదు. రోడ్డు మీదికి పరుగెత్తి చేతులెత్తి, ఓటు మాత్రం వేయనంటే అదేమి అభిమానం?

(ఆ ఎన్టీఆరే 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారన్న సంగతి అప్పుడు గుర్తు చేసుకోలేదు. మనకు అనుకూలమైనవే గుర్తుంటాయి.)

జ్వరం తగ్గాక ఇంటాయన్ను పట్టుకున్నాను. మాటలు తక్కువ మనిషి. అయితే ఇషిమత్సు పేరెత్తితే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేవాడు. కారణం ఊరు. ఇద్దరిదీ టోచిగి ప్రాంతం. ఇషిమత్సు 1949 జూన్ 5న అవానో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది కనుమా పట్టణంలో కలిసిపోయింది. మా ఇంటాయనదీ కనుమా పక్కనే. అక్కడి మట్టికి దేశమంతా పేరు. పసుపు రంగులో, చేత్తో నలిపితే పొడి అయ్యే తేలికైన అగ్నిపర్వతపు మట్టి. బోన్సాయ్ పెంచేవాళ్ళు సంచులకు సంచులు కొంటారు. ఆయనా లాండ్రీ వెనక పది కుండీల్లో ఆ మట్టి పోసి సత్సుకి పూల మొక్కలు పెంచేవాడు. "ఈ మట్టిలో పువ్వులు వస్తాయి, వడ్లు రావు" అని ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాటలో తన చిన్నతనమంతా చెప్పేశాడని నాకు తరవాత తట్టింది.

1957లో, పదిహేనేళ్ళ వయసులో, తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన పిల్లలతో నిండిన రైల్లో ఆయన ఉవెనో స్టేషనులో దిగాడు. యుద్ధం తరవాత జపాను ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ చేతులు కావలసి వచ్చి, పల్లెల నుంచి బడి ముగించిన పిల్లలను మందలు మందలుగా రప్పించారు. వాళ్ళను 'బంగారు గుడ్లు' అని పిలిచారు. "గుడ్డును ఎవరూ అడగరు కదా, ఎక్కడ పొదగమంటావని" అనేవాడు. ఆయనను ఒక లాండ్రీలో పెట్టారు. ఇషిమత్సు కూడా బడి అయిపోగానే టోక్యో చేరి, ఒక పని వదిలి ఇంకో పని పట్టుకుంటూ తిరిగాడు. అప్పటికే ఊళ్ళో అల్లరివాడన్న పేరుంది.

టోక్యో బయలుదేరేముందు వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిన కథ ఇషిమత్సే టీవీలో చెప్పుకున్నాడట. ఆవిడ మట్టిపనిలో కూలి. పని చేస్తున్న చోటే జేబులోంచి వెయ్యి యెన్ల నోటు తీసి ఇచ్చింది, చేతి బురద నోటుకు అంటుకుంది. గొప్పవాడివి కానక్కరలేదు, మంచి మనిషివి అయితే చాలు అని చెప్పిందట. ఈ కథ చెప్పేటప్పుడు మా ఇంటాయన తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకునేవాడు. నలభై ఏళ్ళుగా సబ్బు నీళ్ళలో నాని తెల్లబడిపోయిన చెయ్యి. దాని మీద బురద మరక ఎక్కడుంటుంది.

అసలు పేరు యూజి సుజుకి. చేరింది యోనెకురా జిమ్‌లో. మొదటి వృత్తి పోటీ 1966లో. 'ఇషిమత్సు' అన్న పేరు ఒక జానపద వీరుడిది. షిమిజు అనే ఊరి జూదరుల నాయకుడికి నమ్మిన బంటు, గుండె ధైర్యం నిండుగా ఉన్నవాడు, బుర్ర మాత్రం అంతంత. రోక్యోకు అని మన బుర్రకథ లాంటి కళ ఒకటుంది. అందులో ఈ ఇషిమత్సు కథ వస్తే జనం ఒక పక్క నవ్వుతారు, ఒక పక్క కళ్ళు తుడుచుకుంటారు. మన బాక్సర్ ఆ పేరుకు తగ్గట్టు పెద్ద గడ్డి టోపీ, చారల పైగుడ్డ వేసుకుని దేశదిమ్మరి జూదరిలా రింగులోకి దిగేవాడు. ముందు 'గట్స్' లేదు. ఆట బాగా తెలిసీ మధ్యలో చేతులెత్తేస్తున్నాడని విమర్శలు వచ్చి, తెగువ రావాలని ఆ మాట పేరుకు ముందు తగిలించారట. లేనిదాన్ని పేరులో పెట్టుకోవడం మనకూ తెలిసిన పద్ధతే. మా ఊళ్ళో కోటేశ్వరరావు అని ఒకాయన ఉండేవాడు, పాపం ఎకరం పొలం.

ఓటములు అన్నీ ఇన్నీ కావు. 1970 జూన్‌లో పనామా వెళ్ళి లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ ఇస్మాయెల్ లగూనాతో తలపడి పదమూడో రౌండులో ఓడాడు. 1973 సెప్టెంబరులో మళ్ళీ పనామా, ఈసారి రొబెర్తో దురాన్. పదో రౌండులో ఆట ముగిసింది. మనిషిని ఇంతకన్నా దూరం తీసుకెళ్ళి ఇంతకన్నా గట్టిగా కొట్టలేరు. అప్పటికి మొత్తం ఓటములు పది దాటాయి. ఇంకో దేశంలో అయితే అలాంటివాడిని మూడోసారి ప్రపంచ టైటిలు పోటీకి పిలవరు. ఏడు నెలలు తిరగకుండానే పిలిచారు.

1974 ఏప్రిల్ 11. అది గురువారం. ర్యోగోకులో ఒకప్పుడు సుమో పోటీలు జరిగిన పాత భవనం, అప్పటికి నిహోన్ విశ్వవిద్యాలయం హాలు. ఎదుట మెక్సికోకు చెందిన, ప్రపంచ బాక్సింగ్ మండలి (డబ్ల్యూబీసీ) ఛాంపియన్ రొదోల్ఫో గొంజాలెజ్. మా ఇంటాయన దగ్గర టీవీలో మళ్ళీ వేసినప్పుడు ఎక్కించుకున్న క్యాసెట్ ఉండేది. ఎన్నిసార్లు వేశాడో, మధ్యలో బొమ్మ మీద తెల్ల చారలు వాన కురిసినట్టు పడేవి. మొదటి రౌండ్లు నాకు పెద్దగా పట్టలేదు. ఆయనేమో ప్రతి దెబ్బకూ ముందుగానే భుజం కదిపేవాడు. ఎనిమిదో రౌండు వచ్చేసరికి శ్వాస బిగపట్టేవాడు. గొంజాలెజ్ పడిపోయాడు. ఇషిమత్సు కుడిచేతి దెబ్బకు 'మబొరొషి నో మిగి' అని పేరు. కనిపించీ కనిపించని కుడిచెయ్యి అని చెప్పుకోవచ్చు. కొట్టినవాడికి తప్ప ఎవరికీ కనబడదట. నిజమే, నాకు ఆ క్యాసెట్‌లో ఒక్కసారీ కనబడలేదు, సగం తప్పు తెల్ల చారలది.

గెలవగానే రెండు పిడికిళ్ళూ ఎత్తాడు. జపానులో ఇప్పుడు పరీక్ష పాసైన పిల్లవాడు కూడా అలా పిడికిలి బిగిస్తే 'గట్స్ పోజ్' అంటారు. ఆ మాట ఆ రాత్రి నుంచే జనంలోకి వచ్చిందని, ఏప్రిల్ 11ను 'గట్స్ పోజ్ రోజు' అని కూడా చెప్పుకుంటారు. అంతకు రెండేళ్ళ ముందే బౌలింగ్ ఆటగాళ్ళ పత్రికలో ఆ మాట ఉందని వాదించేవాళ్ళూ ఉన్నారు. మా ఇంటాయన ముందు ఆ వాదన ఒకసారి తెచ్చి, ఆ నెల అద్దె రసీదు రెండు రోజులు ఆలస్యంగా అందుకున్నాను.

ఆయన ఇషిమత్సు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మరో మనిషి దగ్గర ఆగిపోయేవాడు. ఇషిమత్సు శిక్షకుడు ఎడ్డీ టౌన్‌సెండ్. హవాయిలో పుట్టినవాడు, తండ్రి అమెరికన్, తల్లి జపనీస్. మల్లయోధుడు రికిదోజాన్ పిలిస్తే 1962లో జపాను వచ్చాడు. అప్పట్లో జిమ్‌లో శిక్షకుల చేతిలో వెదురు కత్తి ఉండేదట, మన బడిలో బెత్తంలాగ. ఎడ్డీ వచ్చీ రాగానే దాన్ని అవతల పారేయమన్నాడు. కుర్రవాడు దెబ్బలు తింటుంటే ఓటమి ఒప్పుకుని ఆట ఆపించడానికి అందరికంటే ముందు రింగులోకి టవల్ విసిరేవాడు. బాక్సింగ్ అయిపోయాక కూడా బతకాలి కదా అని ఆయన లెక్క. ఆరుగురిని ప్రపంచ ఛాంపియన్లను చేశాడు. 1988 ఫిబ్రవరిలో, తన ఆఖరి శిష్యుడు హిరోకి ఇయోకా టైటిలు నిలబెట్టుకున్న మర్నాడు కన్నుమూశాడు. లాండ్రీలో పదిహేనేళ్ళ వయసులో వెదురు దెబ్బలు తిన్న మా ఇంటాయనకు ఎడ్డీ అంటే దేవుడు. "నా మేస్త్రీ ఒక్క రోజయినా టవల్ విసిరి ఉంటే" అని మధ్యలో ఆపేసేవాడు.

ఛాంపియన్‌గా ఇషిమత్సు ఐదుసార్లు బెల్టు నిలబెట్టుకున్నాడు. ఆ బరువులో ఛాంపియన్ అయిన మొదటి జపనీస్ అతనే. చిన్న బరువుల్లో గెలవడం జపానుకు అలవాటే. లైట్‌వెయిట్ అంటే మాత్రం లాటిన్ అమెరికా, యూరప్, అమెరికా వాళ్ళ సొత్తు. 1975 ఫిబ్రవరిలో టోక్యోలో స్కాట్లాండ్ మాజీ ఛాంపియన్ కెన్ బుకానన్‌ను పదిహేను రౌండ్లు ఆడి పాయింట్ల మీద ఓడించాడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఇషిమత్సును ఓడించిన లగూనాను ఓడించినవాడు బుకానన్. బుకానన్‌ను ఓడించినవాడు దురాన్. దురాన్ చేతిలో ఓడిన ఇషిమత్సు వచ్చి బుకానన్‌ను ఓడించాడు. ఇంటాయన ఇదంతా నాకు ఇస్త్రీ బల్ల మీద కాలరు పుల్లలు పేర్చి చూపించాడు. ఏ పుల్ల ఎవరో రెండు నిమిషాలకు ఇద్దరమూ మరిచిపోయాం.

1976 మేలో ప్యూర్తో రికో వెళ్ళి ఎస్తెబాన్ దె హెసూస్ చేతిలో బెల్టు పోగొట్టుకున్నాడు. మర్నాటి ఏడాది పై బరువులో థాయ్ బాక్సర్ సేన్‌సాక్ ముఆంగ్‌సురిన్ మీదికి వెళ్ళి ఆరో రౌండులో నాకౌట్ అయ్యాడు. 1978లో గ్లౌజులు విప్పేశాడు. మొత్తం 31 గెలుపులు, 14 ఓటములు, 6 డ్రాలు. ప్రపంచ ఛాంపియన్ల పట్టికలో ఇంత మచ్చలున్న లెక్క అరుదు. ఇంటాయనకు ఆ పద్నాలుగే ముఖ్యం. గెలుపులు ఎన్నో ఎప్పుడైనా తడబడేవాడేమో గానీ, ఓటములు వరసగా చెప్పేవాడు.

తరవాత నటుడయ్యాడు. 1983లో మొదలై ఏడాదిపాటు ఎన్‌హెచ్‌కేలో పొద్దున్నే వచ్చిన 'ఒషిన్' ధారావాహికలో వేషం వేశాడు. హాలీవుడ్ సినిమాల్లోనూ కనిపించాడు. వాటన్నిటికంటే టీవీ హాస్య కార్యక్రమాలు అతన్ని ప్రతి ఇంటికీ చేర్చాయి. టోచిగి యాస, అమాయకపు జవాబులు. బాక్సింగ్ వల్ల తన జీవితం 360 డిగ్రీలు మారిపోయిందన్నాడని ఒక జోకు. కాదు, 380 డిగ్రీలన్నాడని ఇంకొకరు సవరిస్తారు. దేనికైనా 'ఓకే' అనడానికి 'ఓకే బొకుజో' అంటాడు. బొకుజో అంటే పశువుల క్షేత్రం. ఒక పాత కౌబాయ్ సినిమా జపనీస్ పేరులోంచి వచ్చిన తోక అది. మా ఆఫీసులో జపనీస్ మిత్రులు ఇషిమత్సు పేరు చెబితే ముందు నవ్వేవాళ్ళు, తరవాత ఏదో ఒక జోకు చెప్పేవాళ్ళు. బుకానన్ పేరు ఒక్కరికీ తెలియదు.

అలాంటి మనిషి పాలక పక్షమైన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ తరఫున, మేమున్న టోక్యో 9వ నియోజకవర్గంలో నిలబడ్డాడు. దిగువ సభకు దేశమంతటా ఒక చోట ఒకరినే ఎన్నుకునే పద్ధతి, యుద్ధం తరవాత జపానులో మొదటిసారి ఆ ఎన్నికకే వచ్చింది. 300 స్థానాలు అలా, ఇంకో 200 పార్టీల జాబితాల మీద. అంతకు ముందు ఒకే నియోజకవర్గం నుంచి ముగ్గురో నలుగురో ఐదుగురో గెలిచేవారు. నాలుగో స్థానంలో నిలిచినా చాలు. ఇప్పుడు ఒక్కడే గెలవాలి. బాక్సింగ్‌లాగే కదా అన్నాను. "కాదు. రింగులో ఇద్దరే ఉంటారు" అన్నాడాయన.

పేరున్నవాళ్ళు పార్లమెంటుకు వెళ్ళడం వాళ్ళకు కొత్త కాదు. 'తారెంతో' అభ్యర్థులని వాళ్ళకు ఒక మాటే ఉంది. మల్లయోధుడు ఇనోకి 1989లోనే సొంత పార్టీ పెట్టి ఎగువ సభకు వెళ్ళాడు. ఏడాదిన్నర ముందు, 1995 ఏప్రిల్‌లో, టోక్యో గవర్నరుగా హాస్య రచయిత యుకిఓ అఒషిమా, ఒసాకా గవర్నరుగా హాస్యనటుడు నొక్కు యొకొయామా గెలిచారు. అఒషిమా అయితే ప్రచారమే చేయలేదని చెప్పాలి. మరి ఇషిమత్సుకు మీరెందుకు వేయరు అని అడిగాను.

ఆయన ఒక చొక్కా చేతిని నెమ్మదిగా మడత పెట్టాడు.

"రావో-సాన్, ఆయన దెబ్బ నాకు తెలుసు. ఆయన చట్టం నాకు తెలియదు. వచ్చే ఏప్రిల్ నుంచి కొనుగోలు పన్ను మూడు నుంచి ఐదు శాతం చేస్తారట. చొక్కాకు ఎన్ని యెన్లు పెంచాలో, పెంచితే ఎవరు మానేస్తారో నాకు నిద్ర పట్టడం లేదు. దానికి ఆ పార్టీవాళ్ళు సరేనంటున్నారు. ఇషిమత్సును చూస్తే చేతులు వాటంతటవే లేస్తాయి. అవి నావే, ఏం చేయను. ఓటు మాత్రం ఇస్త్రీ లెక్క."

మరి మీ అమ్మగారు, నాన్నగారు సినిమా ఆయనకు ఎందుకు వేశారని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. రెండు రూపాయలకు కిలో బియ్యం అన్నారు కాబట్టి అని నా నోట వచ్చింది. వచ్చాక నాకే ఆశ్చర్యమేసింది. పదమూడేళ్ళుగా అది కేవలం అభిమానం అనుకుంటున్నాను. అమ్మ ఆ బియ్యం సంచి గురించి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు.

ఆ పన్నెండు రోజులూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా బండ్లు తిరిగాయి. కదిలే బండిలోంచి ఉపన్యాసం ఇవ్వకూడదట, పేరు మాత్రం ఎన్నిసార్లయినా పలకవచ్చట. అందుకే ఆ జపం. మైకు పట్టుకునే అమ్మాయిలను 'ఉగుఇసు' అంటారు, వసంతంలో కూసే పిట్ట. ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగడం నేరం. బడి గోడ పక్కన ఒక చెక్క పలకను గళ్ళు గీసి నిలబెట్టారు, అభ్యర్థికొక గడి, అందులోనే పోస్టరు. గోడల మీద సున్నం రాతలు లేవు, తోరణాలు లేవు, భోజనాలు లేవు. ఇంత చప్పటి ఎన్నికలు కూడా ఉంటాయా అనిపించింది. అయితే అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది ఓటు కాగితం. దాని మీద గుర్తులుండవు, పేర్లూ ఉండవు. ఖాళీగా ఉంటుంది. ఓటరు పెన్సిలు పట్టుకుని అభ్యర్థి పేరు తన చేత్తో రాయాలి. చదువు రాని మా అమ్మను ఆ చిన్న బల్ల ముందు నిలబెట్టి ఊహించుకున్నాను. వెంటనే ఆ ఊహ మానేశాను.

అక్టోబరు 20, ఆదివారం. ఇంటాయన పొద్దున్నే గడ్డం గీసుకుని, తను ఎప్పుడూ తొడుక్కోని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్క బడికి వెళ్ళి వచ్చాడు. నాకు అలవాటు కొద్దీ ఎడమచేతి వేలు చూశాను. వాళ్ళకు సిరా చుక్క పెట్టరు. రాత్రి కింద వాళ్ళ గదిలో కొటాత్సు బల్ల చుట్టూ కూర్చుని ఫలితాలు చూశాం. ఒకుసాన్ కమలాలు ఒలిచి అందరికీ పంచుతోంది. దేశంలో 59.65 శాతం మందే ఓటు వేశారని, అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదని తరవాత పేపర్లో చదివాను. లిబరల్ డెమోక్రటిక్ పార్టీకి 239 స్థానాలు వచ్చాయి. మా 9వ నియోజకవర్గం వాటిలో లేదు. ఇషిమత్సు ఓడిపోయాడు.

ఇంటాయన టీవీ కట్టేశాడు. కాసేపు కమలం తొక్కను వేళ్ళతో చిన్న ముక్కలు చేస్తూ కూర్చున్నాడు.

"పదిహేను" అన్నాడు చివరికి, లేస్తూ.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి బడి గోడ దగ్గర పలక తీసేశారు. గుంజలు పాతిన గుంతలు మిగిలాయి.

ఆ తరవాత మా మధ్య ఆ విషయం రాలేదు. బాక్సింగ్ మాత్రం వస్తూనే ఉండేది. ఆ శీతాకాలంలో ఒకసారి నన్ను కొరాకుయెన్ హాలుకు తీసుకెళ్ళాడు. సుయిదొబాషి స్టేషనులో దిగితే ఐదు నిమిషాల నడక. ఐదో అంతస్తులో ఉంటుంది. లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా తీసుకెళ్ళాడు. గోడల నిండా అభిమానుల రాతలు, ఒకదాని మీద ఒకటి, ఏళ్ళ తరబడి. హాలు చిన్నది, రింగు అరచేతిలో పెట్టుకున్నట్టు దగ్గరగా కనిపిస్తుంది. గ్లౌజు దవడకు తగిలే చప్పుడు టీవీలో వినేదానికంటే మెత్తగా, భయంకరంగా ఉంటుందని అక్కడే తెలిసింది. నాలుగు రౌండ్ల పోటీలో ఒక కుర్రవాడు ఓడిపోయి, నాలుగు వైపులకూ వంగి నమస్కారం పెట్టి దిగాడు. హాలు అంతటికీ వినబడేలా చప్పట్లు కొట్టింది మా ఇంటాయన ఒక్కడే. వచ్చేటప్పుడు మెట్ల గోడ మీద ఒక మూల వేలు పెట్టి, తను కుర్రతనంలో ఏదో రాశానన్నాడు. దాని మీద ఎన్ని పొరల రాతలు పడ్డాయో, ఏమీ కనబడలేదు. అది చాలన్నట్టు తల ఊపాడు.

యోనెకురా జిమ్ 2017లో మూతపడిందని పేపర్లో చూసినప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ఐదుగురు ప్రపంచ ఛాంపియన్లు వచ్చారు ఆ జిమ్ నుంచి. వాళ్ళలో ఒకడైన హిదెయుకి ఒహాషి సొంత జిమ్ పెట్టి, అందులోంచి నఒయా ఇనొఉయెను తయారు చేశాడు. రెండు బరువుల్లో నాలుగేసి బెల్టులూ గెలిచి, ఓటమి అన్నదే ఎరగని ఇనొఉయె ఆట ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో చూస్తాడు. పద్నాలుగుసార్లు ఓడిన ఛాంపియన్ ఒకడు, ఆ ఒహాషి పెరిగిన యోనెకురా జిమ్‌లోనే చెమటోడ్చాడంటే వాడికి నమ్మకం కుదరదు. అన్నిసార్లు ఓడితే ఇంకా ఎవరు ఆడనిస్తారు నాన్నా అంటాడు.

నేను 2000 మార్చిలో జపాను వదిలాను. నరితా విమానాశ్రయానికి రైలు ఉవెనో నుంచి. పెట్టె ఒకటి మోయడానికి ఇంటాయన వచ్చాడు. రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. 1957లో తను దిగిన ప్లాట్‌ఫారం ఎటువైపో చెయ్యెత్తి చూపించాడు. ఆ రోజు తనను తీసుకెళ్ళడానికి వచ్చిన మేస్త్రీ, పేరు రాసిన అట్ట ముక్క పట్టుకుని నిలబడ్డాడట. అట్ట మీద తన పేరులో ఒక అక్షరం తప్పు రాసి ఉందట. అయినా అదే నేను అనుకుని వెళ్ళిపోయానన్నాడు.

కాసేపు ఊరుకున్నాడు. తరవాత, నేను అడగకుండానే, రైళ్ళ వేళల బోర్డు వైపు చూస్తూ అన్నాడు.

"ఆ ఆదివారం నేను రాశాను, రావో-సాన్. ఒకుసాన్‌కు చెప్పకండి. వేరే పేరు రాద్దామనే వెళ్ళాను. పెన్సిలు పట్టుకున్నాక చెయ్యి అటే పోయింది. అయితే 'మత్సు' అక్షరంలో కుడివైపు ఒక గీత వేశానో లేదో గుర్తు రావడం లేదు. అప్పటికే మడిచి పెట్టెలో వేసేశాను. ఆ ఒక్కటి లెక్కలోకి వచ్చిందో లేదో."

రైలు వచ్చింది. ఆయన పెట్టెను నాకంటే ముందు లోపలికి ఎక్కించాడు.